ఎండ చూడని చోట

ఈ ఫ్లాస్కులో ఉన్నది ఒక మడమ.
మడమంటే మడమంతా కాదు,
చిటికెనవేలి గోరంత ముక్క కోశారు,
దాన్నుంచి పెరిగి పెరిగి
ఇప్పుడు పదకొండు ఫ్లాస్కులయింది.
మూతల మీద మార్కరుతో రాసింది నేనే:
ఇస్కపల్లి, ఏడు, పాసేజి ఇరవైమూడు.
పేరు రాయకూడదు.
కవితకి ఎథిక్స్ కమిటీ లేదు కనక ఇక్కడ రాస్తున్నాను,
చెంబేటి పోలమ్మ.

ఉప్పు కయ్యల్లో నలభయ్యేళ్లు.
నీళ్లు వదిలే ముందు కయ్య అడుగు గట్టిపడాలి,
ఆడవాళ్లు వరసగా నిలబడి తొక్కుతారు,
పగలంతా తొక్కుతారు.
కాలి కింద నల్లమచ్చ కనబడితే
ముల్లనుకుంది, గుల్ల గీసిందనుకుంది,
జిల్లేడు పాలు పెట్టింది,
ఏడాదిన్నర దాని మీదే నడిచి పనికి పోయింది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరు
మెలనోమా అని ఊరుకున్నాడు.
"ఒంటికి రంగిచ్చే కణం దారి తప్పిందమ్మా" అన్నాను నేను.
పోలమ్మ నవ్వింది.
"నెత్తిన నలభయ్యేళ్లు ఎండ గాస్తే ఏం గాలా.
ఎండ మొకం చూడని చోట పుట్టిందేంది?"

నాకు జీతమిచ్చేది ఆ ప్రశ్నకే.

రంగు కణం పని గొడుగులు పంచడం.
సన్నటి చేతులు చాచి
చుట్టుపక్కల ముప్పై కణాలకి
తలా ఒక నల్లగొడుగు అందిస్తుంది,
అవి లోపలి కేంద్రకం మీద కప్పుకుంటాయి.
అంతే దాని బతుకు. తనేం దాచుకోదు.
ఎండ దెబ్బయితే చేవ్రాలు వదిలిపోతుంది,
ఒక అక్షరం చెరిపి ఇంకో అక్షరం,
చదివితే దొరికిపోతుంది.
పోలమ్మ కణాల్లో ఆ చేవ్రాలు లేదు.
పదకొండో క్రోమోజోములో ఓ ముక్క మాత్రం
పదిసార్లు, పదిహేనుసార్లు,
మేస్త్రీ లెక్కల పుస్తకంలో ఒకే పేజీని
మళ్లీ మళ్లీ కుట్టినట్టుంది.
ఎవరు కుట్టారు?
తొక్కుడా, ఉప్పు కోతా, ఉత్త దురదృష్టమా?
తెలీదు అని రాయడానికి
మాకు నాలుగు పేజీలు పట్టింది.

సమ్మతి కాగితం మీద వేలిముద్ర అడిగిన రోజు
బొటనవేలు నున్నగా పడింది.
ఒక్క గీత లేదు.
"బియ్యం కాడ మిషనూ ఇంతే,
నేను నేను కాదంటది."
అయిదు వేళ్లూ అద్దించాం,
అయిదు నీలి మరకలు.
వాటినే సరే అనుకున్నాం.

పోయిన నవంబరు తుఫాను రాత్రి
కరెంటు పోయి, జనరేటరు మొరాయించి
ముప్పై ఏడు డిగ్రీలు ముప్పై ఆరయింది.
ఇంక్యుబేటరు తలుపు తీస్తే ఇంకా చల్లబడుతుంది.
తలుపు మీద చెయ్యేసి నిలబడ్డాను
జ్వరం ఉందో లేదో చూసినట్టు.
అప్పటికి ఆమె పోయి రెండేళ్లు.

మొన్న చెల్లెలి కూతురు శీనమ్మ వచ్చింది,
చెప్పులు గడప బయటే విడిచి.
"మా పెద్దమ్మ ముక్క ఇంకా బతికుండాదంట గదా.
ఏం తింటది?"
చక్కెర, ఇంకేవో పోషకాలు, దూడ రక్తంలోంచి తీసిన సీరం.
గులాబి రంగు నీళ్లు చూపించాను.
"ఉప్పు?"
ఉప్పు కూడా. లీటరుకి ఆరు గ్రాములు దాటి.
ఎక్కడిది అనడిగింది.
డబ్బా తిప్పి లేబులు చదివాను,
ఏదో దేశం పేరు.
ఆమె ఏమీ అనలేదు.
కొంగు ముడి విప్పి ఓ పొట్లం బల్ల మీద పెట్టింది.
ముతక ఉప్పు, కొంచెం మట్టి రంగు,
ల్యాబులో వాడడానికి పనికిరాదు.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.

కిటికీ పక్కన పెట్టాను.
తుంపరకి కాగితం చెమ్మగిల్లుతోంది.
రేపు మంగళవారం,
ఫ్లాస్కులకి నీళ్లు మార్చాలి.